అరువు రాశి

ఎనభైల్లో ఓ మధ్యాహ్నం అమలాపురంలో కొబ్బరికాయలు అమ్మేసి రాజోలు బస్సెక్కాను. కాయలు కొన్న షావుకారు ముందుగా గోడౌను తలుపు తీసి, దూలాల దాకా ఉన్న రాశి చూపించి, "ఎక్కడ పెట్టుకోమంటారండీ?" అన్నాడు. బేరమాడకుండా ఆయన చెప్పిన ధరకే ఇచ్చేశాను.

పక్కసీటాయన ఆ షావుకారు వీధిలోనే కాయలు మోసే కూలీ. నా గోడు విని, "ఆ రాశిలో సగం ఎదురు కొట్టువారిదండి. పొద్దున్నే మా జట్టే మోసింది. రైతు ఏ కొట్టుకొస్తే ఆ కొట్టు నింపుతామండి" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. "మోయడానికి సిగ్గులేదుటయ్యా?" అని, షావుకార్లని అనాల్సిన మాట ఆయన్ని అనేశాను.

ఆయన భుజమ్మీద తువ్వాలు సర్దుకున్నాడు. "రేపు ఎదురు కొట్టుకి అల్లవరం రైతొస్తున్నాడండి. ఆయనకి చూపించడానికి మోయాల్సింది మీ కాయలేనండి."