సమాధానం అవ్వ

ఆ అవ్వ ఉన్నన్నాళ్ళూ మా ఆదివారం పూజ ఒక్కసారీ సమయానికి ముగియలేదు.

శామీర్‌పేట దగ్గర మా కతోలిక గుడిలో కీబోర్డు వాయించేది నేనే. ఫాదర్‌గారు "ఒకరికొకరు సమాధానం తెలుపుకోండి" అనగానే (మా గుళ్ళో సమాధానం అంటే శాంతి) మేమంతా పక్కవాళ్ళకు ఓ నమస్కారం పెట్టి ఊరుకునేవాళ్ళం. అవ్వకు అది చాలదు. బెంచీ బెంచీకీ వెళ్ళి, ప్రతి ఒక్కరి చేతులూ పట్టుకుని "సమాధానం బిడ్డా" అనాల్సిందే. అక్కడితో ఆగినా బాగుండేది. చెప్పులేసుకుని, గల్లీ దాటి, ఎదురుగా ఉన్న పాస్టర్‌గారి ప్రార్థన మందిరంలోకి కూడా పోయేది. వాళ్ళ మైకు గోలకు మేమూ, మా మైకు గోలకు వాళ్ళూ తిట్టుకునే రోజులవి. ఆమె తిరిగొచ్చేదాకా ఫాదర్‌గారు కళ్ళు మూసుకుని నిలబడేవారు. నేను తరువాతి పాటకు మీటల మీద వేళ్ళు పెట్టుకుని పళ్ళు నూరేవాణ్ణి.

"వాళ్లు మనోళ్లు కాదు గదా అవ్వా, గాడికెందుకు పోతవ్?" అని ఒకరోజు కసిరాను.

"ఒకరికొకరు అన్నడు ఫాదర్. గోడ దాకనే అని చెప్పలే గద బిడ్డా."

చివరికి మోకాళ్ళు పట్టేసి, జీడిమెట్లలో కూతురింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి ఆదివారం నమస్కారాలు కాగానే హాయిగా పాట ఎత్తుకున్నాను. రెండు లైన్లు పాడామో లేదో, మా గుమ్మంలో పాస్టర్‌గారు!

"ఏమనుకోకున్రి ఫాదర్. అవ్వ రాలేదేంది? మావోళ్లందరు ఆమె కోసమే ఆగిన్రు."

ఫాదర్‌గారు తిన్నగా నావైపే చూశారు. అంతమంది ఉండగా నేనే దొరికానా! విసుక్కుంటూనే పాట ఆపి, బయటికొచ్చి, గల్లీ దాటడానికి చెప్పులేసుకున్నాను.