బాతు కాళ్ళు, మా అత్తగారి కాళ్ళు

ఈ సాయంత్రం మూడో తరగతి చదివే మా అమ్మాయి, పుస్తకంలో బాతు బొమ్మ చూపించి, "వెబ్‌డ్ ఫీట్ అంటే ఏటమ్మా?" అని అడిగింది. వేళ్ళ మధ్య చర్మం ఉన్న పాదాలని చెప్పి ఊరుకోవచ్చు. ఇంగ్లీషు టీచర్ని కదా, వెబ్ అంటే పూర్వం మగ్గం మీద నేసిన బట్ట అని కూడా చెప్పాను.

బరంపురంలో నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసిన మా అత్తగారు పక్కనే కూర్చుని విన్నారు.

"ఏటే, బాతు కాళ్ళకి నేతబట్టా?" అని నవ్వి, మగ్గం తొక్కి తొక్కి వంకరపోయిన పాదాలు చాపారు. "అలాగైతే ఈటినీ అదే అనాల. సూడు!"

పిల్ల చూసింది. నోట్సులో బాతు పక్కన రెండో ఉదాహరణగా "మా నాయనమ్మ" అని రాసేసింది.

టీచరుగా అది కొట్టెయ్యాలి. చేతులు రావడం లేదు. మీకొస్తాయా?