పదకొండో రాయి

ఐవీ టక్కెట్ పోయి నెల కాలేదు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని చర్చి పత్రికవాళ్లు నన్నే అడిగారు. రాసిచ్చాను. వాళ్లకివ్వనిది ఇది: నలభై ఆరేళ్లు ఆమెను చూసి కుళ్లుకున్నాను.

ఐవీ పద్నాలుగో ఏట బడి మానేసి పాలు పితకడానికి వెళ్లింది. పెళ్లి చేసుకోలేదు. మా నెదర్ క్విల్ దాటి ఎక్కడా ఉండలేదు. నేను ఈ ఊరి కోడలిగా వచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పి, ఇరవై ఏళ్లు జిల్లా దస్త్రాల గదిలో దుమ్ము మింగి ఊరి చరిత్ర పుస్తకం రాశాను. అయినా ఎవరికే సందేహం వచ్చినా ఐవీ గుమ్మమే తొక్కేవారు. చర్చి గోపురం మీద పిడుగు ఎప్పుడు పడిందో నా పుస్తకంలో తేదీతో సహా ఉంది. ఆమె "నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడు" అనేది. జనానికి అదే చాలు. నేను మాత్రం ఇప్పటికీ మిల్లు గట్టు ఇంటికి కాపురానికొచ్చినావిడనే. ఒళ్లు మండదూ?

ఏటా వసంతంలో మేం ఊరి పొలిమేర తిరుగుతాం. విల్లో కర్రలతో ఒక్కో సరిహద్దు రాయినీ కొట్టుకుంటూ నడుస్తాం. పూర్వం పిల్లల్ని తలకిందులుగా పట్టుకుని రాతికి తల తాకించేవారు, జన్మలో మరిచిపోకుండా. ఐవీ తల అన్ని రాళ్లకీ తగిలింది. అందుకే ముందు నడిచేది ఆమె.

ఓ ఏడు ఊరి మధ్య పచ్చికలో పొలిమేర పటం చెక్క మీద వేయించాలనుకున్నారు. కింద పటం గీసినవాళ్ల పేరు ఉంటుంది. ఆ పేరు నాది కావాలి. అక్కడ నా పేరుంటే నన్నిక బయటిదనేవాడెవడు?

సరిగ్గా అప్పుడే పాత పటమొకటి దొరికింది. అందులో పదకొండో రాయి ఐవీ చూపించే యాష్ చెట్టు కింద లేదు. సంతోషంతో నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పకుండా దాచి, నడక రోజున చెట్టు దగ్గర అందరి ముందూ విప్పాను.

"ఆగు ఐవీ. రాయి ఉండాల్సింది ఇక్కడ కాదు. ఎనభై అడుగులు ఇవతల, కాలవకి ఈ పక్కన. ఎవరో జరిపారు."

ఐవీ పటం చూడలేదు, నా మొహం చూసింది. "తర్వాత మాట్లాడుకుందాంలే దొరీన్. పద."

"ఇప్పుడే తేలాలి."

పొరుగూరు ఓవర్ క్విల్ తరఫున హద్దు చూసుకోవడానికి ఏటా వచ్చే పెర్సీ గేల్ కళ్లజోడు పెట్టుకుని గీత వెంట వేలు నడిపాడు. "అయితే మిల్లు గట్టు మాదన్నమాట. ఏం దొరీనమ్మా, ఇన్నాళ్లూ మా ఊళ్లో ఉంటూ వీళ్లకి చరిత్ర రాసిపెట్టావా?"

అందరూ నవ్వారు. నా ఇల్లు ఆ పటం తర్వాత కట్టింది. అందుకే అందులో కనబడలేదు, నాకు తట్టనూ లేదు. మా ఆయన్ని మా ఊరి చర్చి నేలలోనే పాతిపెట్టారు, పక్కన నాకు చోటు అట్టేపెట్టారు. అది ఊరివాళ్లకే ఇస్తారు.

ఐవీ కర్రెత్తి రాతిని ఒక్కటి కొట్టింది. "ఎవడో దొర తాగి గీసుంటాడు. నా తల తగిలింది ఈ రాయికే పెర్సీ, మీ తాత పక్కన నిలబడి చూశాడు. ఇక నడవండి."

అందరూ నడిచారు. కంచె దగ్గర ఆమె నా పక్కకొచ్చింది. "మా తాతే జరిపాడు, నాగలికి అడ్డమొస్తోందని. నాకు చిన్నప్పట్నించీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు కొత్త పెళ్లికూతురిగా ఆ ఇంట్లో దిగిన రోజు చెబుదామనుకున్నా. బయటిదాన్నంటారని బిక్కుబిక్కుమంటున్నావు. ఎందుకులే అనుకున్నా పిల్లా."

కృతజ్ఞత కలగాలి కదా. కలగలేదు. ఊరిదాన్ననిపించుకోవడం కూడా ఆమె పెట్టిన భిక్షేనని కడుపు రగిలిపోయింది.

చెక్క మీద నా పేరే ఉంది. ఐవీయే పట్టుబట్టి రాయించింది. పదకొండో రాయిని యాష్ చెట్టు కిందే గీశాను, తప్పని తెలిసీ.

మొన్న ఆమెను పాతిపెట్టారు, నాకు అట్టేపెట్టిన చోటికి ఆనుకునే. అక్కడికొచ్చేవాళ్లు ముందు ఎవరిని పలకరిస్తారో నాకు ఇప్పుడే తెలుసు.