మంచం కింద దానా బస్తాలు

నాచారంలో సీసా మూతలు పోసే మిషన్ ఒకటి నాది. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది, డాలర్ మాత్రం ఇంకా వదలడం లేదు. మూతలకు వాడే ప్లాస్టిక్ గింజలు, మేం దానా అంటాం, పైదేశాల నుంచి వస్తాయి. పొద్దున డాలర్ లేస్తే మధ్యాహ్నానికి దానా షావుకారి గొంతు లేస్తుంది.

నా మూతలన్నీ కొనేది పీర్జాదిగూడలో పచ్చళ్లు పెట్టి అమ్మే గోదావరి ఆవిడ. ఆమె ఆర్డరు పోతే మిషన్‌కు గుడ్డ కప్పడమే. అందుకే ధర కదలనివ్వనని మాటిచ్చాను. డాలర్ దిగినప్పుడల్లా నాలుగు బస్తాలు ఎక్కువ కొని మంచం కింద దాచాను.

పోయినేడాది డాలర్ కొంచెం కొంచెంగా పెరిగింది. పెరిగిన ప్రతిసారీ కొత్త దానా కొనకుండా దాచిన ఒక బస్తా లాగాను. మూత ధర కదల్లేదు, నా మీసం మాత్రం పైకి కదిలింది. చివరి బస్తా లాగిన వారమే డాలర్ ఒక్కసారిగా ఎగిరింది.

మా ఆవిడ మంచం కిందికి వంగి చూసింది. "ఏమాయె సేటూ, డాలర్‌ను ఆపుతనంటివి? ఇగ చీపురే మిగిలింది. దాంతోని కొడ్తవా?"

పై వాటాలో ఉండే బ్యాంకు గుమాస్తా మాత్రం నవ్వలేదు. "గిసొంటి తప్పు దేశాలే జేసినయ్ తమ్మీ. మన దేశం పెద్ద బ్యాంకు గూడ డాలర్లు దాస్తది. రేటును ఒక్కకాడ కట్టెయ్యనీకె గాదు. ఒక్కసారే ఎగిరితే జర అమ్మి ఆ ఊపు తగ్గిస్తది. మెల్లగ పెరిగేదాన్ని పెరగనిస్తది."

"అంటే చినుకు పడ్డప్పుడల్ల గొడుగు తీసి చింపుకున్ననా అన్నా?"

"వానొచ్చే యాళ్లకు ఆ గొడుగే లేకపాయె."

మర్నాడే పీర్జాదిగూడ వెళ్లాను. ఆవిడ చేతులు మోచేతుల దాకా కారంలో ఉన్నాయి.

"కదలదని మాటిచ్చారు కదండీ, అన్నయ్యగారూ?"

"తప్పు మాటిచ్చిన చెల్లె. ధర కదుల్తది. గని ఒక్కసారే ఎగరనియ్య. ఈ పెరిగింది నాలుగు నెలలల్ల జరంత జరంత ఎక్కిస్త, అందాక నష్టం నాది. డాలర్ దిగితే దించుత."

"దించే వ్యాపారిని నేనింతవరకూ చూళ్లేదండీ."

"ఇయ్యాల సూడు, సక్కగుంటడు."

ఆవిడ నవ్వలేదు. "మూణ్ణెల్లు చూస్తాను. దించాల్సిన రోజు దించకపోతే మూతలు వేరేచోట కొనుక్కుంటాను."

రెండో నెలలో డాలర్ కాస్త దిగింది. నోరు మూసుకుంటే ఆవిడకు తెలిసేది కాదు. ఆ మిగులు జేబులో వేసుకోవాలనీ అనిపించింది. అయినా ఆవిడ అడగకముందే వెళ్లి ధర దించాను. వచ్చే నెల ఆర్డరు అక్కడే చెప్పింది.

తిరిగొస్తూ రెండు బస్తాలు కొని మంచం కిందికి తోశాను. రోజూ ఊడ్చేటప్పుడు చీపురు తగిలి మా ఆవిడ తిడుతుంది. తిట్టనీ. చిన్న పెరుగుదలకు మాత్రం వాటిని తీయను.