పదిహేడో నంబరు గుడ్డలు

కట్టమ్మకు సుమన అంటే గిట్టదు. ఎందుకు గిట్టదని అడిగితే మాత్రం చెప్పలేదు పాపం, ఎందుకంటే సుమన ఆమెకు చేసిన చెడు ఏమీ లేదు. ఎదురొస్తే 'అక్కా' అంటుంది. ఇంటికెళ్తే చాయ్ ఇస్తుంది. అదే మరీ మంట! తిట్టుకోవడానికి ఒక్క కారణమైనా ఇవ్వని మనిషి మీద కుళ్ళు పుడితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

కట్టమ్మది నెల్లికుదురు. గూడూరు పక్క అడవి అంచు ఊరికి కోడలుగా వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. అరెకరం మిర్చి, రెండు బర్రెలు, ఊళ్ళో ఎవరికీ రానంత తెల్లగా బట్టలుతికే చేతులు. పెండ్లికి కట్టిన పంచె ఇప్పటికీ ఆమె చేతిలో పడితే కొత్తదవుతుందని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆమె నడక కూడా మారిపోతుంది.

ఊరి వెనక గుట్ట మీద రాళ్ళను కంకర చేసే క్రషర్ పెట్టిన రెండో ఏడు, కల్లంలో ఆరబోసిన ఆమె మిర్చి ఎర్రగా ఎండాల్సింది బూడిదరంగుకు తిరిగింది. వ్యాపారి చేతిలోకి తీసుకుని, ఊదిచూసి, కింద పారేసి వెళ్ళాడు. కట్టమ్మ ఆ రోజు ఏడవలేదు. పాత పంచె ముక్క ఒకటి తెచ్చి, ఆముదం రాసి, ఇంటి ముందు తీగకు ఆరేసింది. వారం తర్వాత దాన్ని తీసి ఊరి నడుమ పరిచింది. ఆముదానికి అంటుకున్న రాతిదుమ్ము మీద వేలితో గీత గీసి, "సూడుండ్రి. మనం గిదే పీలుస్తున్నం," అంది.

సంఘం అట్లా పుట్టింది. గాలి నీళ్ళ సంఘం అని పేరు పెట్టుకున్నారు. ముప్పై ఒక్క ఇళ్ళు, ఊరివీ పక్క తండావీ కలిపి. అధ్యక్షుడు లేడు, కుర్చీ లేదు. ప్రతి ఇంటి ముందూ ఒక గుడ్డ. మిషన్ కుట్టే బద్రున్నీసా ప్రతి గుడ్డకూ ఎర్రదారంతో ఇంటి నంబరు కుట్టి ఇచ్చింది. ఆదివారం ఆదివారం గుడ్డలు తీసి, తేదీ చీటీ పెట్టి, ఏ ఇంటివి ఆ ఇంటికి నెలకో మూటగట్టి, ఇనుప పెట్టెలో దాచాలి. ఎవరూ దులపకూడదు, తడపకూడదు. పెట్టె కట్టమ్మ ఇంట్లో. తాళంచెవి కట్టమ్మ మెడలో.

రెండున్నరేళ్ళు బాగానే గడిచింది. తర్వాత దంతాలపల్లి నుంచి సుమన కోడలై వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల. క్రషర్‌కు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పదిహేడో ఇల్లు ఆమెది. వచ్చిన నెలకే అర్జీలు రాయడం మొదలుపెట్టింది. మాట్లాడితే ఎక్కడా తడబడదు. సంఘం కూర్చున్నప్పుడు అందరూ అటే తిరిగి కూర్చోవడం కట్టమ్మ మొదట గమనించలేదు, గమనించాక ఇంకేమీ కనిపించలేదు ఆమెకు.

ఇంతలో రెండో క్రషర్ పెడతామని క్రషర్ వాళ్ళ అర్జీ పడింది. ప్రజాభిప్రాయ సేకరణ ఊరి బడి ఆవరణలోనే అన్నారు. సంఘం తరఫున మైకు ముందు ఒక్కరే మాట్లాడాలి. ఎవరు?

ఇట్లాంటివి సంఘంలో చింతగింజలతో తేలుస్తారు. నిలబడ్డవాళ్ళ ముందు తలా ఒక చెంబు పెట్టి, పైన తువ్వాల కప్పుతారు. ప్రతి ఇంటికీ ఒక గింజ. చేయి రెండు చెంబుల్లోనూ పెట్టి తీయాలి, గింజ ఎందులో విడిచారో ఎవరికీ తెలియదు. ఆ రోజు పెద్దమనిషిగా కూర్చున్న లచ్చవ్వ చెంబులు బోర్లించి లెక్కపెట్టింది. సుమనకు ఇరవై రెండు. కట్టమ్మకు తొమ్మిది.

తొమ్మిది! అందులో ఒకటి తనే వేసుకున్నది. కట్టమ్మ నవ్వింది. నవ్వితే పళ్ళు నొప్పిపెట్టాయి. గుడ్డ మొదట ఆరేసింది ఎవరు? మిర్చి పోగొట్టుకున్నది ఎవరు? వీళ్ళ ఇళ్ళ గుడ్డలు వారం వారం మోసుకొచ్చింది ఎవరు? తిన్న ఇల్లు మరిచిపోయినట్టు ఇరవై రెండు మంది మరిచిపోయారే!

లచ్చవ్వ మాత్రం ఏమీ ఎరగనట్టు, "కట్టమ్మా, పిల్లకు నువ్వు జర ధైర్నం జెప్పు," అంది.

"నేనేం జెప్త అవ్వా? ఆమెకు అన్నీ దెలుసు," అంది కట్టమ్మ.

మర్నాడు బడి దగ్గర మైకు తెప్పించి తర్ఫీదు పెట్టుకున్నారు. కట్టమ్మ ఉండబట్టలేక తనూ మైకు అందుకుని నాలుగు మాటలు మాట్లాడింది. సుమన దగ్గరికొచ్చి మెల్లగా, "మైకు జర దూరం పట్టుకో అక్కా, అరిసినట్టు వినపడుతున్నది," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. కట్టమ్మకు చెవులు కాలిపోయాయి.

అంతటితో అయిపోయినా బాగుండేది. "మొట్టమొదలు మా ఇంటి గుడ్డలు సూపెడ్త," అంది సుమన. "క్రషర్‌కు దగ్గరిది మాదే గద. పోయిన నెల నాలుగు గుడ్డలు సూస్తె సాలు, క్రషరోళ్ళ నోరు మూతబడుతది."

బద్రున్నీసా మెచ్చుకోలుగా, "టీవీల చెప్పినట్టు చెప్తున్నవ్ బేటీ," అంది. మూడేళ్ళలో తనను ఒక్కనాడైనా బేటీ అన్నదా ఈమె!

మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి కట్టమ్మ పెట్టె తెరిచింది. పోయిన నెల పదిహేడో నంబరు మూట విప్పింది. నాలుగు గుడ్డలూ దుమ్ముతో అట్టకట్టి, మడత తీస్తే పెళుసుగా చప్పుడు చేశాయి. 'ఒక ఆడమనిషి ఇంటి గుడ్డ ఇంత మురికిగా పదిమందిలో చూపిస్తే పరువేం గాను,' అనుకుంది. తనకు తానే చెప్పుకున్న అబద్ధం అది, ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసే పెద్ద గంగాళంలో నీళ్ళు పోసింది. సబ్బు పెట్టింది. బాదింది. మూడేళ్ళుగా లోకానికంతా వద్దని చెప్పిన పనిని అరగంటలో చేసేసింది. నాలుగు గుడ్డలూ మల్లెపూవుల్లా తేలాయి. ఆరబెట్టి, మడిచి, తేదీ చీటీలు పెట్టి, మళ్ళీ ముడివేసింది. పైపైన నీళ్ళు వంపేసి గంగాళాన్ని బావి వెనక నెట్టేసింది. దాన్ని కడగాలన్నా చూడబుద్ధి కాలేదు.

తర్వాత నాలుగు రోజులు తిండి సయించలేదు. చెప్పేద్దామని రెండుసార్లు సుమన ఇంటి దాకా వెళ్ళింది. మొదటిసారి లోపల లచ్చవ్వ ఆ పిల్లను పొగుడుతోంది. వెనక్కి తిరిగొచ్చింది. రెండోసారి సుమనే ఎదురొచ్చి, "చాయ్ తాగిపో అక్కా," అంది. ఆ మాటకు మళ్ళీ ఒళ్ళు మండింది. చాయ్ తాగింది గానీ నోరు తెరవలేదు.

అభిప్రాయ సేకరణ రోజు రానే వచ్చింది. బడి ఆవరణలో షామియానా, బల్ల వెనక జిల్లా నుంచి వచ్చిన అధికారి, పక్కన మాటలన్నీ రాసుకునే గుమాస్తా, ముందు వరసలో క్రషర్ మేనేజరు, మైకు పక్కన సంఘం ఇనుప పెట్టె. సుమన మాట్లాడుతుంటే ఊరంతా ఊపిరి బిగబట్టి విన్నది. నిజం చెప్పాలంటే బాగా మాట్లాడింది. కట్టమ్మకు కూడా బాగా అనిపించింది, అందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఇగ మా ఇంటి గుడ్డలు సూడుండ్రి సార్," అంటూ సుమన మూట విప్పింది.

తెల్లటి గుడ్డలు. సబ్బు వాసన.

మేనేజరు పగలబడి నవ్వాడు. "ఇదేనా సార్ దుమ్ము? క్రషర్ పక్కింటి గుడ్డ ఇట్లుంటే, దూరపు ఇండ్ల గుడ్డలకు దుమ్ము ఏడికెళ్ళొచ్చింది? పూసుకొచ్చిన్రు!"

అధికారి కళ్ళద్దాలు తీసి పెట్టెలోని మిగతా మూటల వంక అనుమానంగా చూశాడు. "ఇవన్నీ ఎవరి దగ్గర ఉన్నాయమ్మా ఇన్నాళ్ళూ?"

సుమన ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం కట్టమ్మ వైపు చూసింది. తెలిసిపోయింది ఆమెకు. పేరు చెప్తే అయిపోయేది. "సంఘం దగ్గర్నే ఉన్నయ్ సార్," అంది.

నూట యాభై ఆదివారాల గుడ్డలు, ముప్పై ఒక్క ఇళ్ళ దగ్గు, 'పూసుకొచ్చిన్రు' అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే రెండో క్రషర్ కూడా గుట్టెక్కుతుంది. కట్టమ్మ లేచింది. మైకు దాకా నడిచింది, ఎన్నాళ్ళనుంచో కావాలనుకున్న ఆ మైకు దాకా. అందుకుని దూరంగా పట్టుకుంది.

సుమన ఆమె చేతిని పట్టి పైకి లేపింది. "దగ్గరికి పట్టుకో అక్కా. అందరికి వినపడాలె."

"గుడ్డలు నేనే ఉతికిన," అంది కట్టమ్మ. "పెట్టె నా దగ్గర్నే ఉంటది. సుమనకు ఇరవై రెండు గింజలు పడ్డయ్, నాకు తొమ్మిది పడ్డయ్. ఓర్వలేకపోయిన. కడుపుల మంట ఆగలే. ఆమె ఇంటి గుడ్డలే తీసి ఉతికిన."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరో నేర్పిన మాటలు సార్," అన్నాడు మేనేజరు.

"నేర్పిన్రా? ఉండు నువ్వు!" కట్టమ్మ మైకు సుమన చేతిలో పెట్టి ఇంటికి నడిచింది. వెనకాలే బద్రున్నీసా పరుగెత్తింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని బావి వెనక పడి ఉన్న గంగాళాన్ని మోసుకొచ్చి అధికారి బల్ల మీద ధడేల్‌మని పెట్టారు. నీళ్ళు ఎప్పుడో ఎండలో ఎగిరిపోయాయి. అడుగున జొన్నరొట్టె మందాన బూడిదరంగు రాతిదుమ్ము గట్టిపడి ఉంది. అధికారి గోటితో గీకాడు. పెచ్చు లేచింది.

"నాలుగు గుడ్డల దుమ్ము సార్ ఇది," అంది కట్టమ్మ. "ఒక్క ఇంటిది. ఒక్క నెలది. ఆ ఇంట్ల ఈ పిల్ల ఉంటది."

మేనేజరు ఇక నవ్వలేదు. అధికారి గంగాళానికీ పెట్టెకూ సీలు వేయించాడు. పరీక్షకు పంపిస్తామనీ, ఫలితం వచ్చేదాకా అనుమతి మాట ఉండదనీ చెప్పాడు. కట్టమ్మ వాంగ్మూలం చదివి వినిపించమని గుమాస్తాతో అన్నాడు.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "కట్టమ్మ అను నేను, పదిహేడో నంబరు గుడ్డలను పొరపాటున ఉతికితిని..."

"ఆగు సారూ," అంది కట్టమ్మ. "పొరపాటున గాదు. కుళ్ళుకొని ఉతికిన. అట్లనే రాయి."

"ఎందుకమ్మా, పదికాలాలు ఉండే కాగితం ఇది. నీ పరువు..."

"గా ఒక్క మాట అబద్ధమైతే మిగతాది గూడ ఎవరు నమ్ముతరు? రాయి."

గుమాస్తా కొట్టేసి రాశాడు. సంతకానికి కాగితం ఇటు తిప్పాడు. కట్టమ్మ చుట్టూ చూసింది, పెన్ను కోసం. జేబులు తడుముకునే వాళ్ళు తడుముకుంటూనే ఉన్నారు. ఈలోగా ఒక చేయి పెన్ను మూత తీసి మరీ ముందుకు చాచింది.

సుమన చేయి. అదీ ఆమెదే అయ్యింది, చూడండి! కట్టమ్మ పళ్ళు బిగపట్టి, అదే పెన్నుతో, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి సంతకం పెట్టింది.