పాలలో వేసిన ఓపల్‌లు

పధ్నాలుగు ఉంగరాలు, కారు వెనక లాక్కెళ్ళే ఒక ట్రైలర్ బండి, తొమ్మిది షోలకు ముందే కట్టిన బూత్ అద్దె, టెక్సస్‌లో మాకున్న తెలుగు గిరాకీ మొత్తం. 2022 దీపావళి ముందు ఫ్రిస్కో దగ్గర ఒక క్రాఫ్ట్ షోలో బల్ల వేసినందుకు మేం పోగొట్టుకున్నవి ఇవి. నా భార్య సరళ నాతో రాళ్ళు ఏరడానికి ఎడారికి రావడం మానేసింది. అదీ రాయాలి గానీ, పద్దులో ఏ కాలమ్‌లో వేయాలో తెలియడం లేదు.

ఐటీ ఉద్యోగం పోయాక ఇద్దరం రాక్‌హౌండ్‌లమయ్యాం. అంటే ఎడారుల్లో రాళ్ళు ఏరి, కోసి, సానబట్టి, ఊరూరా షోలలో అమ్ముకునేవాళ్ళం. నేను జియాలజీ చదవలేదు. ఏ రాయి ఎన్ని గ్రాములు, కోతలో ఎంత పోయింది అని నోట్‌బుక్‌లో రాసుకుంటూ నేర్చుకున్నాను.

నెవాడా ఉత్తరాన రోజుకింతని కట్టి ఓపల్ అనే రంగురాయిని తవ్వుకునే గనులున్నాయి. అక్కడి ఓపల్ నీళ్ళసీసాలో ఉన్నంతకాలం నిప్పుకణికలా ఉంటుంది. బయట పెడితే లోపలి తడి ఆరి, సాలెగూడులా చీలుతుంది. దాన్ని క్రేజింగ్ అంటారు. అందుకని చాలా నెమ్మదిగా ఆరబెట్టాలి. మేం ఏడాదిన్నర ఆరబెట్టాం, తడి పోయి బరువు తగ్గడం ఆగేదాకా వారానికోసారి తూచాం. అరవై రాళ్ళలో పగలకుండా మిగిలినవి పధ్నాలుగు. వాటిని వెండి ఉంగరాల్లో పొదిగాం. అలా మిగిలిన రాయి కూడా మళ్ళీ తడి తాగితే చీలుతుంది. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఆ షో రోజు పద్మ గారని, ఫ్రిస్కోలో ఉండే ఆవిడ, మా బల్ల దగ్గర ఆగారు. శుక్రుడికి వజ్రం బదులు ఓపల్ పెట్టుకోవచ్చని ఎవరో సిద్ధాంతి చెప్పారట. వాళ్ళమ్మాయికి రెండు సంబంధాలు ఎంగేజ్‌మెంట్ దాకా వచ్చి ఆగిపోయాయట.

“అన్నయ్య గారూ, గ్యారంటీయేనా? మా గ్రూప్‌లో అందరికీ నా మాట మీదే చెప్తున్నాను మరి.”

“ఏడాదిన్నర తూచి చూశానమ్మా,” అన్నాను. అది నిజమే.

సరళ నన్ను బూత్ వెనక్కి పిలిచింది. “ఏవండీ, వీళ్ళు శుక్రవారం పెట్టుకునే ముందు పాలల్లో నానబెడతారు. మా అమ్మ ముత్యాన్ని అలాగే చేసేది. చెప్పేయండి.”

“చెబితే ఒక్కటీ అమ్ముడుపోదు.”

“పోకపోతే పోనీండి. ఆవిడ మిమ్మల్ని అన్నయ్య అంటోంది.”

“అన్నందుకు డిస్కౌంట్ ఇచ్చాగా,” అన్నాను.

మధ్యాహ్నానికల్లా పద్మ గారి స్నేహితురాళ్ళు వచ్చి మిగతా పదమూడూ తీసుకున్నారు. ఒక్కో డబ్బాలో ఒక కేర్ కార్డు పెట్టాను. నీళ్ళకు దూరంగా ఉంచమని దాని మీద ఇంగ్లీషులో ఉంది. పాల మాట లేదు.

మొదటి శుక్రవారానికే ఫోన్‌కి తొమ్మిది ఫోటోలు వచ్చాయి. మూడో శుక్రవారానికి పధ్నాలుగూ వచ్చాయి. వెండి ఉంగరాల్లో తెల్లగా పాలిపోయి, నెర్రెలిచ్చిన రాళ్ళు. నేను అందరికీ ఆ కార్డు ఫోటో తీసి పంపాను. అది తెలిసి సరళ ట్రైలర్ అమ్మించి, పధ్నాలుగు చెక్కులూ తనే రాసి, నాతో సంతకాలు పెట్టించింది.

పదమూడు చెక్కులు క్యాష్ అయ్యాయి. పద్మ గారు మాత్రం ఫోన్ చేశారు. ఈసారి అన్నయ్య అనలేదు.

“డబ్బు నాకొద్దండీ. పాలల్లో వేస్తామని మీకు ఆ రోజే తెలుసా, తెలియదా? అదొక్కటి చెప్పండి. వీళ్ళంతా నన్నే అడుగుతున్నారు. గుడిలో నా పక్కన కూర్చోవడం మానేశారు.”

“కార్డు మీద ఉందండీ,” అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను త్రాసు గురించి, సానరాళ్ళ గురించి అడుగుతుంటారు. రాయి మీ చేతిలో ఉన్నన్నాళ్ళ లెక్క సగమే అని చెబుతాను. కొన్నవాళ్ళ ఇంట్లో దానికి ఏం జరుగుతుందో మీకు తెలిసి ఉంటే, అది కూడా నోటితో చెప్పి అమ్మాలి. కార్డు చాలదు.

ఆవిడ అడిగింది అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న. జవాబేమిటో నాకూ తెలుసు, సరళకూ తెలుసు. ఆ నంబరు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. బాకీ: ఒక మాట.