కిటికీ కింద చలువరాయి

మా పొదటూరుపేట నేతవీధిలో వరదయ్య ఇంటికి ఒక గొప్ప ఉంది. స్వాతంత్ర్యం కోసం ఏళ్ళ తరబడి జైల్లో మగ్గిన నాయకుడొకడు ఆ ఇంట్లోనే పుట్టాడు. ఆయన్ను మేమంతా పెద్దాయన అనే అంటాం. ఆయన తండ్రి ఇల్లమ్మి పట్నం పోతే, వరదయ్య తండ్రి కొన్నాడు.

ఇంటికున్నది ఒకటే గది, గదికి ఒకటే కిటికీ. నేసేవాడెవడైనా కాళ్ళు దించుకునే మగ్గం గుంటను వెలుతురున్న చోటే తవ్వుకుంటాడు. వరదయ్య మాత్రం పెద్దాయన కిటికీ కిందే పుట్టాడని తనకు తానే తీర్మానించుకున్నాడు. అంతటివాడు వెలుతురులో కాక ఇంకెక్కడ పుడతాడని అతని వాదం. అక్కడ రోజూ దీపం పెట్టి, తన గుంటను చీకటి మూలలో తవ్వుకున్నాడు.

"కండ్లు పోతాయి, కిటికీ కాడికి మారయ్యా" అని భార్య తులసమ్మ మొత్తుకునేది.

"ఆయన పుట్టిన తావును తొక్కమంటావా? నోరు మూసుకో" అని గసిరేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ మొండితనం తలుచుకుంటే నాకిప్పటికీ కోపమే వస్తుంది.

ముప్పై ఏళ్ళు ఆ చీకట్లో పోగులు అతికాడు. యాభై దాటేసరికి తెగిన పోగు కంటికి ఆనేది కాదు. నూలిచ్చే షావుకారు ఇక వద్దన్నాడు.

1979లో సర్కారు ఆ ఇంటిని స్మారకం చేసింది. మగ్గం గుంటను సిమెంటుతో పూడ్చారు. పెద్దాయన కళ్ళద్దాలూ చేతికర్రా గాజుపెట్టెల్లో పెట్టి, వరదయ్యకు కాపలా ఉద్యోగమిచ్చారు. ఆయన పుట్టిన చోటేదని ఇంజనీరు అడిగితే వరదయ్య పొంగిపోయి కిటికీ కింద చూపించాడు. అక్కడ చలువరాయి పరిచారు.

"నా కండ్లు పోతే పోనీ, ఆయన తావును కాపాడినా" అని వీధంతా చెప్పుకున్నాడు.

తెరిచే రోజు పెద్దాయన అక్క తిరుమలమ్మను కారులో తీసుకొచ్చారు. తొంభై ఏళ్ళ మనిషి. రాయిని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈడ కాదు నాయినా. ఈడ మా ఆవును కట్టేస్తా ఉంటిమి. పచ్చి బాలింతకు గాలి తగలకూడదని మా అమ్మను ఆ చీకటి మూల పండబెట్టినారు. తమ్ముడు ఆడ పుట్టినాడు."

ఆమె చూపించింది మగ్గం గుంట పూడ్చిన చోటు.

"రాయి నాటేసినాము అవ్వా, ఇంక మార్చలేము" అని ఇంజనీరు నవ్వేసి, మంత్రిగారి దండ చూసుకోవడానికి వెళ్ళాడు.

ఖాకీ చొక్కాలో తలుపు దగ్గర నిలబడ్డ వరదయ్య అందరి ముందూ ఏడ్చేశాడు. నా కోపం ఆ ఒక్కరోజు ఎటు పోయిందో తెలియదు.

"ముప్పై ఏండ్లు ఆయన తావునే తొక్కినానే తులసీ" అన్నాడు.

"తొక్కింది పోనీ, నీ కండ్లు ఎవురిస్తారు?" అంది తులసమ్మ. "కిటికీ కాడ ఎవురన్నా కాన్పు చేస్తారా? చెప్పబోతే నోరు మూసుకోమంటివి. మీ అమ్మ నిన్ను కనింది కూడా ఆ మూలనే."

వరదయ్య ఆ మూల వైపు తిరిగాడు. అంత దూరం అతనికి కనపడలేదు.